ముందు కాటా, వెనక కాటా

నర్సమ్మ తన సంచీలోంచి బరువు చూసే మిషను తీసి మా నడవలో గచ్చు మీద పెట్టింది. అది చూసి అమ్మ పకపకా నవ్వింది. పోయిన వారం అక్కడిదాకా చెప్పాను.

ఆ నవ్వు అర్థం కావాలంటే మా ఇల్లు తెలియాలి. మాది పాత సామాన్లు కొనే కొట్టు. వీధి వైపు కొట్టు, వెనక గోదాము, రెండింటి మధ్య మూడు గదుల్లో మేము. పాత కాగితాలు, సీసాలు, తుప్పుపట్టిన ఇనుము ముందు నుంచి వచ్చి వెనక నుంచి లారీల్లో పోతాయి. వచ్చేదాన్ని తూచడానికి కొట్టులో ఒక కాటా, పోయేదాన్ని తూచడానికి గోదాములో ఒక కాటా. రెండూ ఒకే రకం. కింద మనిషి నిలబడేంత ఇనుప పలక, పైన గోడ గడియారమంత ముఖం, అందులో ఎర్ర ముల్లు. ముల్లు ఏం చూపిస్తే మా ఇంట్లో అదే నిజం. అలాంటి ఇంటికి ఒకావిడ బడిపిల్లల పలకంత మిషను చంకలో పెట్టుకొచ్చి కోడలి బరువు చూస్తానంటే అమ్మకు నవ్వు రాదా మరి.

వదినకు ఏడో నెల. నాలుగో నెలలో ఒక్కసారిగా ఐదు కిలోలు పెరిగిందని అమ్మ ఆమె తిండి సగానికి కోసేసింది. పాలు ఆపింది, గుడ్డు ఆపింది, రాత్రి భోజనం పూర్తిగా మానిపించింది. బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టమని అమ్మ భయం. అది ఊరికే పుట్టిన భయం కాదు. మా అక్క కడుపులో బిడ్డ బాగా ఎదిగిపోయి కాన్పులో చిక్కుకుపోయింది. అక్క బతికింది, ఒట్టి చేతులతో ఇంటికొచ్చింది. ఆ రోజు ఆసుపత్రి గది బయట బల్ల మీద కూర్చుని ఆ కేకలన్నీ విన్నది అమ్మే.

ఇక నర్సమ్మ మా వీధుల్లో కడుపుతో ఉన్నవాళ్ళను ఇంటింటికీ వెళ్ళి చూసే మనిషి. వదిన పొట్ట నెలకు తగ్గట్టు లేదని, ఆసుపత్రికి పంపమని ముందే అంది. అమ్మ పంపనంది. అందుకే ఆవిడ ఈసారి మిషనుతో వచ్చింది.

నేను ఆ ఇంట్లో ఆఖరిదాన్ని. మాటా వినిపించదు, అడుగుల చప్పుడూ వినిపించదని ఇంట్లో నన్ను పిల్లి అంటారు. ఆ పొద్దున కూడా వంటింటి గుమ్మానికి అతుక్కుపోయి నిలబడ్డాను.

"ఎక్కమ్మా" అంది నర్సమ్మ.

వదిన చెప్పులు విడిచి, గోడ మీద చెయ్యి ఆనించి ఎక్కింది. నర్సమ్మ వంగి చూసింది.

"యాభై రెండున్నర."

అమ్మ చేతులు చరిచింది. "చూశావా! మా వెనక కాటా కూడా అదే చెప్పింది, యాభై రెండున్నర. నీ బొమ్మ మిషను మా కాటా చెప్పిందే తిరిగి చెప్పింది. ఇంక సంచీ సర్దుకో తల్లీ."

"మొదట్లో ఎంత ఉండేదండీ?"

"మూడో నెలలో నలభై ఆరు. నా కళ్ళతో నేను చూశాను. అంటే ఆరున్నర కిలోలు ఒళ్ళు చేసింది మహాతల్లి. నేను కట్టడి చేయబట్టి అక్కడ ఆగింది. నీ మాట విని మేపి ఉంటే ఈపాటికి ఈ గుమ్మంలోంచి పట్టేది కాదు."

వదిన కాటాలాంటి ఆ చిన్న మిషను దిగి చెప్పులు వెతుక్కుంటోంది. ఆమె మణికట్టుకు ఉన్న గాజు మోచేతి దాకా జారిపోవడం నేను చూశాను. అమ్మ చూడలేదో, చూసీ చూడనట్టు ఉందో తెలియదు.

"ఏడో నెలకు ఆరున్నర ఎక్కువేం కాదండీ" అంది నర్సమ్మ. "మీ కోడలిలా సన్నగా ఉండేవాళ్ళు మొత్తం మీద పన్నెండు, పదమూడు, ఆ పైన కూడా పెరగాలి."

"పదమూడా! బిడ్డను కనమంటున్నావా, బస్తాను కనమంటున్నావా?"

"అదంతా కొవ్వు కాదు కదా. అందులో బిడ్డ ఉంటుంది, మాయ ఉంటుంది, ఉమ్మనీరు ఉంటుంది. ఒంట్లో రక్తం కూడా పెరుగుతుంది. రేపు పాలివ్వడానికి ఒళ్ళు కొంత దాచుకుంటుంది. బిడ్డ చిన్నగా ఉంటే కాన్పు సులువవుతుందని మీరు అనుకుంటున్నారు. మరీ చిన్నగా పుట్టిన బిడ్డకు ఊపిరి నిలుపుకోవడమే పెద్ద పని."

"నువ్వు ఎంతమందిని కన్నావు?"

నర్సమ్మ సంచీలో టేపు వెతకసాగింది.

"ముగ్గురిని కన్నాను నేను. పెద్దపిల్లకు మీలాంటి వాళ్ళే చెప్పారు, తిను తిను అని. దాని బిడ్డ ఎక్కడుంది చూపించు. చూపించి అప్పుడు మాట్లాడు."

"మీ పెద్దమ్మాయికి అప్పుడు రక్తంలో చక్కెర చూశారా? కొందరికి దానివల్ల కూడా బిడ్డ అలా ఎదుగుతుంది. అది జబ్బు, తిన్న తిండి తప్పు కాదు."

"ఇప్పుడు నా కూతురికి జబ్బు కూడా అంటగట్టు. ఇంకేమైనా మిగిలిందా?"

నర్సమ్మ పెదవి కొరుక్కుని, టేపు తీసి వదిన పొట్ట కొలిచింది. ఒకసారి కొలిచి మళ్ళీ కొలిచింది. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని వదిన చీలమండల దగ్గర వేలితో నొక్కి చూసింది. అక్కడ గుంట పడలేదు.

"నీరు లేదు. లెక్క చూస్తే బరువు బాగానే ఉంది. పొట్ట చూస్తే ఐదో నెల పొట్టలా ఉంది. మరి పెరిగిన బరువంతా ఎక్కడుందమ్మా నీకు?"

"బుగ్గల్లో ఉంది, కనిపించడంలా?" అంది అమ్మ.

వదిన బుగ్గల్లో రెండు గుంటలు తప్ప ఏమీ లేవు.

"నాలుగో నెలలో ఐదు కిలోలు అన్నారు కదా. ఆ నెల ఏం తిన్నావు?"

వదిన నోరు తెరిచేలోగా అమ్మే అందుకుంది. "ఏం తిన్నా ఏం లాభం, తిన్నది తిన్నట్టు కక్కేది. నేను బకెట్లు మొయ్యలేక చచ్చాను. అయినా పెరిగింది. గాలి పీల్చినా ఒళ్ళు చేసే శరీరం."

"నెలంతా వాంతులా?"

"నెలంతానూ."

"వాంతులయ్యే నెలలో ఐదు కిలోలు ఎవరూ పెరగరండీ."

"అంటే నేను అబద్ధాలకోరునా? మా ఇంటికొచ్చి, మా నీళ్ళు తాగి, నన్నే అబద్ధాలకోరును చేస్తావా?" అమ్మ గొంతు ముందు కొట్టుదాకా వెళ్ళి ఉంటుంది. అక్కడ సీసాలు ఎత్తిపోస్తున్న చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది.

వదిన అప్పటిదాకా నేలచూపులు చూస్తోంది. మెల్లగా తలెత్తింది.

"అత్తయ్యా, మూడో నెలలో నన్ను ముందు కాటా మీద కదూ తూచారు?"

"అయితే?"

"నాలుగో నెల నుంచి వెనక కాటా మీద."

"పొట్ట తెలుస్తోంది, వీధినపోయే ప్రతివాడి ముందూ నిలబెట్టడం దేనికని నేనే గోదాములోకి మార్చాను. నీ మంచి చూసినా తప్పేనా? ఏ కాటా అయితే ఏంటట? అక్కడి కిలో వేరు, ఇక్కడి కిలో వేరా?"

అమ్మ ఆ మాట పూర్తిగా నమ్మి అంది. కొట్టు లెక్కల్లోకి ఆవిడ ఎప్పుడూ రాలేదు. తుడవడానికి, నాన్నకు టీ ఇవ్వడానికి, ఇప్పుడు కోడలి బరువు చూడడానికి తప్ప కాటా దగ్గరికి వెళ్ళి ఎరగదు.

నర్సమ్మ వదిన ముఖంలోకి చూసింది. "ఒకసారి ముందు కాటా మీద కూడా చూద్దామా?"

కొట్టుకూ నడవకూ మధ్య ఒక తెర మాత్రమే ఉంటుంది. ఆ మాట పూర్తవగానే తెర పక్కకు జరిగింది. నాన్న. ఆయన వెనక అన్నయ్య, చేతులకు నల్లటి మసి, భుజాన గోనెసంచి.

"ఏం జరుగుతోందిక్కడ?" నాన్న నర్సమ్మను చూడలేదు. నేల మీదున్న మిషనును చూశాడు. "కొట్టు నిండా జనం. ఆడవాళ్ళ తూకాలు తర్వాత చూసుకోండి."

"ఒక్క నిమిషం పని" అంది అమ్మ. "దీన్ని ఒకసారి ముందు కాటా ఎక్కించి ఈవిడ నోరు మూయించేస్తాను. మన కాటాలు అబద్ధం చెబుతాయట."

"వద్దు."

"ఎందుకు వద్దు?"

"కాటా పాడైంది."

"పొద్దుటి నుంచి తూస్తూనే ఉన్నారుగా?"

నాన్న అమ్మ వైపు చూసిన చూపుకు ఇంకో రోజయితే ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఇవాళ ఆవిడకు నర్సమ్మ మీద గెలవాలని ఉంది. కదల్లేదు.

అన్నయ్య ముఖం మాత్రం నాకు నచ్చలేదు. అన్నయ్యకు కోపం వస్తే చెవులు ఎర్రబడతాయి. అప్పుడు ఎర్రగా లేవు. ముఖం మొత్తం పాత కాగితంలా ఉంది.

వదిన కొట్టు వైపు నడిచింది. అన్నయ్య అడ్డంగా వచ్చాడు.

"ఇప్పుడొద్దు. నా మాట విను. లోపల కూర్చో, నేను తర్వాత..."

"తప్పుకోండి."

అన్నయ్య తప్పుకున్నాడు. ఎందుకు తప్పుకున్నాడో అతనికి కూడా తెలిసి ఉండదు.

కొట్టంతా తడిసిన కాగితం వాసన. గోడల వెంట తాళ్ళతో కట్టిన కట్టలు నడుము ఎత్తున పేర్చి ఉన్నాయి. కాటా పలక మీద ఒక పెద్ద కట్ట, దాని పక్కన దాని యజమాని బండి పెద్దమ్మ. రోజూ తోపుడుబండి మీద ఇళ్ళన్నీ తిరిగి పాత కాగితాలు కొని మాకు తెచ్చి అమ్ముతుంది. ఆవిడ వెనక సీసాల తాత తన గోనెసంచి మీద తానే కూర్చుని ఉన్నాడు. ఇంకో నలుగురైదుగురు గుమ్మం దగ్గర.

వదిన కాటా దగ్గరకు రావడం చూసి బండి పెద్దమ్మ బుగ్గ నొక్కుకుంది. "ఇదేంటమ్మా, నిన్ను కూడా తూకానికి పెట్టేస్తున్నారా మీ మామగారు?"

"ఒక్క క్షణం పెద్దమ్మా. మీ కట్ట దించనా?"

"ఆ కడుపుతో నువ్వు ముట్టుకోకు. ఉండు." కట్టను ఆవిడే లాగి కిందకు దొర్లించింది.

వదిన పలక మీదకు ఎక్కింది. ఎర్ర ముల్లు ఒక్కసారి ఎగిరి, వణికి, వెనక్కి వచ్చి నిలబడింది.

నలభై ఏడు. ఆ పైన కొంచెం.

అమ్మ ముందుకు వంగింది, కళ్ళు చిట్లించింది, ఇంకా దగ్గరగా వంగింది.

"ఇప్పుడే కదా యాభై రెండున్నర! నడవలోంచి ఇక్కడికి వచ్చేలోగా ఐదు కిలోలు ఎక్కడ రాల్చుకొచ్చిందీ?" అని నిజంగానే వెనక్కి తిరిగి నేల చూసింది.

సీసాల తాత కిసుక్కున నవ్వి, వెంటనే తుడిచేసుకున్నట్టు ముఖం మార్చుకున్నాడు.

"ఐదు కిలోలు ఎక్కడా పడిపోలేదు అత్తయ్యా" అంది వదిన. ఆమె పలక మీదే నిలబడి ఉంది. "అసలు ఎప్పుడూ లేవు. మూడో నెలలో ఈ కాటా నలభై ఆరు అంది. ఇప్పుడు నలభై ఏడు దాటింది. నేను పెరిగింది అంతే."

"కిలో. మహా అయితే కిలోన్నర" అంది నర్సమ్మ. ఆవిడ గొంతు మారిపోయింది. "ఆ కిలోన్నర మొత్తం బిడ్డదే అనుకున్నా చాలదు. మిగతాదంతా నీ ఒంట్లోంచి పీల్చుకుంటోంది."

"ఆగండాగండి" అంది బండి పెద్దమ్మ. చెయ్యి పైకెత్తి, ట్రాఫిక్ పోలీసులా. "మనిషిని నిలబెడితేనే ఐదు కిలోలు మింగేసింది కదా ఈ కాటా. మరి నా కాగితాలను ఎంత మింగుతోంది?"

"పాతబడిపోయింది పెద్దమ్మా" అన్నాడు నాన్న. "చెమ్మకు లోపల స్ప్రింగు బిగుసుకుపోయింది. బాగు చేయిద్దామనే అనుకుంటున్నా."

"వెనక కాటాకు చెమ్మ పట్టదా?"

"అది లారీల వాళ్ళ కాటా" అన్నాడు సీసాల తాత. "దానికి మంచి తిండి పెడతారు. ఆరోగ్యం దిట్టంగా ఉంటుంది."

గుమ్మం దగ్గర ఎవరో ఈల వేశారు. ఇంకెవరో వీధిలోకి తిరిగి అవతలి కొట్టువాణ్ణి కేకేశారు. బండి పెద్దమ్మ నర్సమ్మ చేతిలోని మిషను అందుకోబోయింది. "ఇటు తేమ్మా. నేను కట్టను ఎత్తుకుని ఎక్కుతా. తర్వాత నన్ను తీసేసి కాగితాలను లెక్క వెయ్యండి."

"అది మనుషుల కోసం పెద్దమ్మా."

"నేను మనిషిని కానా? ఈ కొట్టులో ఎవరిని మనుషుల కింద చూశారు గనక!"

ఇంత గోలలోనూ అమ్మ ముల్లునే చూస్తోంది. తర్వాత నాన్నను చూసింది.

"ఏవండీ. ఈ కాటా తక్కువ చూపిస్తుందా?"

"లోపలికి పో."

"అడిగినదానికి చెప్పండి. ఆ నలభై ఆరు అబద్ధమా?"

"జనం ముందా అడిగేది? బుద్ధుందా నీకు?"

"ఆ అబద్ధం పట్టుకుని నేను దీని కంచంలోంచి తిండి తీసేశాను." అమ్మ గొంతు చిన్నదైపోయింది. ఒక్క క్షణమే. ఆ కోపం ఎవరి మీద పోయాలో తెలియక వదిన మీదకే తిరిగింది. "నీకు నోరు లేదా? ఆకలేస్తోందని చెప్పి చావొచ్చు కదా!"

"చెప్పాను. ఆకలి కాదు, నాలిక రుచి మరిగిందన్నారు."

నాకు ఆ రోజు గుర్తుంది. వంటింట్లో నేను గిన్నెలు తుడుస్తున్నాను. అమ్మ ఆ మాట అని, మిగిలిన రొట్టెలు డబ్బాలో పెట్టి మూత బిగించింది. వదిన గ్లాసెడు నీళ్ళు తాగి వెళ్ళి పడుకుంది.

నాన్న జనాన్ని బయటకు తోస్తున్నాడు. "పొండి, పొండి, ఇవాళ కొట్టు లేదు. మా ఇంటి గొడవ మేం చూసుకుంటాం." వాళ్ళు ఒక అడుగు వెనక్కి వేసి రెండు అడుగులు ముందుకొస్తున్నారు.

వదిన పలక దిగలేదు. అన్నయ్య వైపు తిరిగింది.

"మీకు తెలుసా?"

అన్నయ్య గోనెసంచిని ఒక భుజం మీద నుంచి ఇంకో భుజం మీదకు మార్చుకున్నాడు.

"ఐదు కిలోలు పెరిగిందని అత్తయ్య చెప్పిన రోజు మీరు కంచం ముందు కూర్చుని ఉన్నారు. రెండు కాటాలూ మీ చేతుల మీదే నడుస్తాయి. ఏది ఎంత చూపిస్తుందో మీకు తెలుసా, తెలియదా?"

"నేను... రొట్టె తెచ్చిచ్చాను కదా నీకు. కట్టల మధ్య దాచి."

నాకు ఈ సంగతి తెలియదు. అమ్మకూ తెలియదు, ఆవిడ నోరు తెరుచుకుపోయింది.

వదిన తల ఊపింది, ఏదో చాలా రోజుల లెక్క ఇప్పుడు సరిపోయినట్టు. "అవును. పాత కాగితంలో చుట్టిన రొట్టె. గోదాములో, చీకట్లో, ఎలకలు తిరిగే చోట, ఎవరూ చూడకుండా తొందరగా తినమన్నారు. మొగుడికి నామీద ఎంత జాలి అని ఏడ్చుకుంటూ తిన్నాను." అన్నయ్య కళ్ళలోకి చూసింది. "నీకు తెలుసు కాబట్టి తెచ్చావు. నాకు అవసరమని నీకు ముందే తెలుసు."

వదిన అన్నయ్యను నువ్వు అనడం నేను ఎప్పుడూ వినలేదు. కొట్టులో అందరూ విన్నారు. అన్నయ్య చెంప మీద కొట్టినట్టు తల తిప్పుకున్నాడు.

"ఏం చెయ్యమంటావు నన్ను? అమ్మకు చెబితే అమ్మ ఊరుకుంటుందా? వీధంతా తెలిసేది. నాన్న పరువు పోయేది, కొట్టు మూతపడేది. అప్పుడు ఏం తినేవాళ్ళం మనం?"

"ఇప్పుడు నేనేం తింటున్నాను?"

బండి పెద్దమ్మ కూడా తన కాగితాల మాట మర్చిపోయి అన్నయ్యను అసహ్యంగా చూసింది. "థూ" అంది, గట్టిగా కాదు.

వదిన దిగబోతే నేను వెళ్ళి మోచెయ్యి పట్టుకున్నాను. ఎవరూ చెప్పలేదు. పట్టుకున్నాక తెలిసింది, చెయ్యి ఎంత తేలికగా ఉందో. కాటా ఎక్కాల్సిన పని లేదు, ఇన్నాళ్ళూ ఎవరైనా ఒకసారి ఆ చెయ్యి పట్టుకుని ఉంటే చాలు.

"ఇవన్నీ తర్వాత తేల్చుకోండి" అంది నర్సమ్మ. "ఇవాళే ఆసుపత్రికి రావాలి. స్కానింగ్ చేస్తే బిడ్డ ఎంత ఉందో తెలుస్తుంది. ఇంకా రెండు నెలలుంది, ఇప్పటి నుంచి సరిగ్గా తింటే కొంతైనా పూడ్చుకోవచ్చు. ఆలస్యం చెయ్యకూడదు. ఆటో ఆపుతాను, మీరు రండి." మిషను సంచీలో పెట్టుకుని గబగబా వీధిలోకి దిగింది.

"ఎక్కడికి?" అన్నాడు నాన్న.

"ఆసుపత్రికి మామయ్యగారూ."

"అక్కడ డాక్టరు అడుగుతుంది, ఇన్నాళ్ళూ ఎందుకు తినలేదని. నువ్వు కాటా కథంతా విప్పుతావు. సాయంత్రానికల్లా తూకాల అధికారులు నా గుమ్మంలో ఉంటారు. రేపు వెళ్దువుగానిలే. ముందు ఈ జనం పోనీ."

"రేపు ఎందుకు?" అంది అమ్మ. "ఈ రాత్రికి కాటా సరిచేసుకోవడానికా?"

నాన్న గుమ్మంలో ఉన్నవాళ్ళను రెండు చేతులతో బయటకు నెట్టి, పైకి అందుకుని షట్టరు లాగాడు. అది మెట్ల మీద డబ్బాలు దొర్లినట్టు గడగడమంటూ దిగింది. సీసాల తాత సంచీతో సహా బయటపడ్డాడు. బండి పెద్దమ్మ ఆఖరి క్షణంలో అవతలికి దూకి, "నా కట్ట లోపల ఉండిపోయిందయ్యా!" అని అరిచింది.

షట్టరు నడుము దాకా వచ్చి పట్టేసింది. కింద ఇంకా వెలుతురు ఉంది. ఆ వెలుతురులో కాళ్ళు, బండి చక్రం, ఆటో ముందు చక్రం వచ్చి ఆగడం కనిపించాయి. నర్సమ్మ వంగి లోపలికి తొంగి చూసింది. "ఎత్తండి! ఆమె వంగలేదు!"

వదిన వంగబోయింది. ఒక చెయ్యి పొట్ట కింద, ఒక చెయ్యి నా భుజం మీద. సగం వంగి ఆగిపోయింది. కళ్ళు మూసుకుంది. ఆమె బరువంతా నా మీద పడింది, ఆ బరువు నా బడిసంచీ కంటే కాస్తే ఎక్కువనిపించింది. పొద్దుటి నుంచి ఆమె కడుపులోకి ఏం వెళ్ళిందో నేను గుర్తు తెచ్చుకోబోయాను. టీ. అంతే.

"కళ్ళు తిరుగుతున్నాయా వదినా?"

ఆమె తల ఊపింది. అవునని.

"పిల్లీ, నువ్వు లోపలికి పో" అన్నాడు నాన్న.

నా నోట్లోంచి మాట రాలేదు. ఎప్పుడూ రాదు. కానీ నా కాళ్ళు కూడా కదల్లేదు.

"షట్టరు ఎత్తండి" అంది అమ్మ. ఇందాక నర్సమ్మను దులిపిన గొంతే, అంతే గట్టిగా, ఇప్పుడు నాన్న మీద. "ఒకదాన్ని ఒట్టి చేతులతో తెచ్చుకున్నాను. ఇంకోదాన్ని నా చేతులతోనే..." మాట పూర్తి చెయ్యలేక షట్టరు దగ్గరికి వెళ్ళి అంచు పట్టుకుంది. అది అమ్మ బలానికి కదల్లేదు. నాన్న పైనుంచి అదిమి పట్టుకున్నాడు.

"నువ్వు రారా ఇటు" అన్నాడు నాన్న అన్నయ్యతో, రొప్పుతూ. "కింద పట్టేసింది. ఒక్క గుంజు గుంజితే మూసుకుంటుంది. ఎవరి అన్నం తిని పెరిగావో గుర్తుందా నీకు?"

"ఎత్తు బాబూ!" బయట నుంచి బండి పెద్దమ్మ. "ఎత్తు!"

అన్నయ్య గోనెసంచి కింద పడేశాడు. వచ్చాడు. అమ్మను పక్కకు జరిపాడు. అటు నాన్నకూ ఇటు మాకూ సరిగ్గా మధ్యలో నిలబడి మసి అంటిన రెండు చేతులూ షట్టరు అంచు మీద వేశాడు. అతని ముఖం మాకు కనిపించలేదు. వీపు ఒక్కటే కనిపించింది.

వదిన కళ్ళు తెరిచి ఆ చేతులనే చూస్తోంది.

అన్నయ్య భుజాలు బిగుసుకున్నాయి. ఇనుము కిర్రుమని కదిలింది.